ఎయిర్‌పోర్ట్‌లో చేతికర్ర లాగేసుకున్నారు, పుల్లముక్కకి ఇంత రాద్ధాంతమా?

కొండగాలి
పోయిన నెల ఫ్యామిలీతో హవాయి వెళ్ళొచ్చాం. బిగ్ ఐలాండ్‌లో అయిదు రోజులు, తర్వాత హొనొలులు. మొదటిరోజే అడవి దారి పక్కన ఒక కర్ర పడి ఉంటే తీసుకున్నా, చేతికి భలే అమిరింది, ఇనుప కడ్డీలా గట్టిగా ఉంది, ఆ అయిదు రోజులూ దాంతోనే తిరిగా. మా పాప ఎర్ర కుచ్చులాంటి పువ్వున్న చిన్న రెమ్మ జడలో పెట్టుకుంది. హీలో ఎయిర్‌పోర్ట్‌లో రెండూ తీసేసుకున్నారు. కర్ర అంటే సరే, పిల్ల జడలో రెమ్మ కూడానా? ఫ్లైట్ ఎక్కేదాకా ఒకటే ఏడుపు. ఆ ఆఫీసరమ్మ మర్యాదగానే చెప్పింది, ఏదో చెట్ల జబ్బు అంది, వెనక లైన్ పెద్దగా ఉంది, సగం వినపడలేదు. ఇంకో దేశం పోతే అర్థముంది, అదే రాష్ట్రంలో పక్క దీవికి, గంట కూడా లేని ఫ్లైట్. ఎండిపోయిన కర్రలో ఏముంటుందసలు? తెలిసినవాళ్ళు చెప్పండి, కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నా.

సూటిమాట
రూల్స్ కోసం రూల్స్ అన్నా. టూరిస్టు అంటే అందరికీ అలుసే.

పురుగుల_మాస్టారు
సూటిమాట గారూ, తొందరపడకండి. ఎర్ర కుచ్చు పువ్వు అంటే అది లేహువా. చెట్టు పేరు ఓహియా, మన నేరేడు, జామ కుటుంబమే. ఇనుప కడ్డీలా ఉందన్నారు కాబట్టి ఆ కర్ర కూడా ఓహియానే అయ్యుంటుంది, దాని చెక్క అంత గట్టి.

హవాయి సొంత అడవుల్లో దాదాపు 80 శాతం ఈ ఒక్క చెట్టే. లావా చల్లారి నల్లరాయి అయ్యాక పగుళ్ళలో ముందు మొలిచే చెట్లలో ఇదొకటి. వాన నీళ్ళని నేలలోకి దింపేది ఇది, అక్కడి ఎర్ర పిట్టలకి తేనె ఇచ్చేది ఇది. 2010 ప్రాంతంలో బిగ్ ఐలాండ్‌లోని పూనా వైపు ఈ చెట్లు ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు కొద్ది రోజుల్లో మొత్తం గోధుమరంగు, ఆకులు రాలవు కూడా, కాల్చినట్టు కొమ్మలకే వేలాడుతుంటాయి. 2014లో తేలింది, సెరటోసిస్టిస్ అనే శిలీంధ్రం పని అని. అది అప్పటిదాకా లోకానికి తెలియని రకం. 2018లో రెండు కొత్త జాతులుగా పేర్లు పెట్టారు, లుకుఓహియా, హులిఓహియా అని. మొదటి పేరుకి హవాయి భాషలో ఓహియాని నాశనం చేసేది అని అర్థం. జబ్బుని ర్యాపిడ్ ఓహియా డెత్ అంటారు.

ఇప్పుడు మీ కర్ర సంగతి. ఈ శిలీంధ్రం ఆకు మీద ఉండేది కాదు, బెరడుకి గాయమైతే అక్కణ్ణుంచి చెక్కలోకి దిగి నీళ్ళు పైకెక్కే నాళాల్ని మూసేస్తుంది. చెట్టు చచ్చాక కూడా చెక్కలో చాలాకాలం బతికే ఉంటుంది. అంటే ఎండు కర్రే అసలు ప్రమాదం.

తీగమల్లె
దారి పక్కన పడి ఉన్న కర్ర అంటున్నారు, అది ఎందుకు పడిందో కూడా ఆలోచించండి కొండగాలి గారూ.

కొండగాలి
అమ్మో. నేనలా ఆలోచించలేదక్కా.

అడవిబాట
నేను చూశాను ఈ చెట్లని. కొండ మలుపులో కారు ఆపి చూస్తే పచ్చటి అడవి మధ్యలో బూడిదరంగు మచ్చలు. దగ్గరికెళ్తే చచ్చిన మాను మొదట్లో సన్నటి పొడి, రంపపు పొట్టులాగా, వేలికి రాసుకుంటే పిండిలా ఉంది. పైన చూస్తే గుండుసూది దూరేంత బెజ్జాలు బోలెడు. మాకు దారి చూపించినాయన "ముట్టుకోకు" అని అరిచి నా చేతుల మీద స్పిరిట్ కొట్టాడు. అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది ఆ పొడిలోనే ఉంటుందట జబ్బు. మాస్టారూ నిజమేనా?

పురుగుల_మాస్టారు
నిజం. అవి ఆంబ్రోసియా పెంకుపురుగులు. జబ్బు చేసిన చెట్టుని తొలిచి, తొలిచిన పొట్టుని బయటికి తోసేస్తాయి, ఆ పొట్టుతోపాటు శిలీంధ్రం కూడా బయట పడుతుంది. తర్వాత గాలి, వాన, మట్టి, బూటు అడుగు, కారు చక్రం, రంపం పళ్ళు, ఏది దొరికితే దాని మీద ప్రయాణం. అడవి పందులు కూడా బెరడు గీరి గాయాలు చేస్తాయి, ఆ గాయమే తలుపు. 2015లోనే బిగ్ ఐలాండ్ నుంచి ఓహియా చెక్క, కొమ్మ, పువ్వు, ఏదీ పర్మిట్ లేకుండా పక్క దీవులకి పోకూడదని క్వారంటైన్ పెట్టారు. అయినా 2018లో కవాయిలో, 2019లో మావీ, ఓహూల్లో కనపడింది. బిగ్ ఐలాండ్‌లో ఇప్పటికి పది లక్షలకి పైగా చెట్లు పోయాయని అంచనా.

వానచినుకు
పది లక్షలా??

ఎర్రచీమ
ఇంకో సంగతి, అక్కడ హూలా నాట్యం చేసేవాళ్ళకి లేహువా పువ్వు దేవుడి పువ్వుతో సమానం. తలకీ మెడకీ చేతులకీ అదే కట్టుకుంటారు. అలాంటిది ఈ జబ్బు మొదలయ్యాక చాలామంది నాట్యగురువులే ముందుకొచ్చి లేహువా కోయడం మానేశారు. ఆ పువ్వు కోస్తే వాన పడుతుందని అక్కడి నమ్మకం. సొంతవాళ్ళే మానుకున్నాక పాప రెమ్మ గురించి బాధపడకండి అన్నా, ఈ కథ చెప్పండి పాపకి, అర్థం చేసుకుంటుంది.

సూటిమాట
సరే జబ్బు నిజమే, ఒప్పుకున్నా, రూల్స్ కోసం రూల్స్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పెద్ద ప్రశ్న ఒకటి. ఆ దీవులు సముద్రంలోంచి పుట్టాయి కదా. అక్కడున్న ప్రతి చెట్టూ ప్రతి పురుగూ ఒకప్పుడు బయట్నుంచి వచ్చిందే. ఓహియా గింజ కూడా గాలికి కొట్టుకొచ్చిందే. మరి ఇవాళ ఇంకో పురుగు వస్తే అది ప్రకృతి కాదా? ఎందుకంత కంగారు?

తీగమల్లె
తేడా అంతా వేగంలో ఉంది. మనుషులు రాకముందు నడిసముద్రంలో ఉన్న ఆ దీవులకి కొత్త జాతి ఒకటి వచ్చి నిలదొక్కుకోవడమంటే వేల ఏళ్ళకి ఒకసారి జరిగే సంగతి. వచ్చినదానికీ అక్కడున్నవాటికీ సర్దుకోవడానికి టైం ఉండేది. ఇప్పుడు ఏటా కొత్త పురుగులు దిగుతున్నాయి. అదీగాక దీవి చెట్టు కొన్ని లక్షల ఏళ్ళు శత్రువు మొహం చూడకుండా పెరిగింది, తలుపుకి గడియ పెట్టడం మర్చిపోయిన ఇల్లులాంటిది. పైగా వచ్చిన పురుగుని తినే పురుగు అక్కడ ఉండదు. పెద్ద ఖండంలో ఒక కొండ పోతే ఇంకో కొండ మీద విత్తనం ఉంటుంది, దీవిలో ఆ ఒక్క కొండే.

అట్లాంటిక్‌లో బెర్ముడా దీవుల్లో సీడర్ అని పిలిచే జునిపర్ జాతి చెట్లుండేవి, ఇళ్ళూ పడవలూ అన్నీ వాటితోనే కట్టుకున్నారు. 1940ల్లో బయటి మొక్కల మీద పొలుసు పురుగులు వచ్చాయి, చెట్టుకి అతుక్కుని రసం పీల్చేవి. పదేళ్ళు తిరిగేసరికి 90 శాతానికి పైగా పోయాయి. నువ్వు చెప్పే ప్రకృతి అక్కడ సర్దుకోవడానికి పదేళ్ళు చాలవు తమ్ముడూ.

చెక్కపెట్టె
నేను కంటైనర్లు దించే చోట పనిచేస్తా, నా ముక్క ఒకటి చెప్తా. అందరూ మొక్కలూ పువ్వులూ అంటారు గానీ సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్ ఎవడూ చూడడు. ప్యాలెట్ అంటే తక్కువ రకం కలప, ఒక్కోసారి అంచుకి బెరడు కూడా ఉంటుంది. దాని మీద గోధుమ కంకి బొమ్మ ముద్ర ఉండాలి, పక్కన హెచ్‌టీ అని ఉంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి అరగంటపాటు పట్టించారని లెక్క. 2002లో వచ్చిన అంతర్జాతీయ రూల్ అది, ఇప్పుడు చాలా దేశాలు అదే పాటిస్తాయి. రూల్ మంచిదే. కానీ ముద్ర ఉన్నంత మాత్రాన పురుగు లేదని కాదు. ఒకసారి ముద్ర చక్కగా ఉన్న ప్యాలెట్ ఎత్తితే కింద తెల్లటి పొడి కుప్ప, బెజ్జంలో వేలు పెట్టి గీకితే లోపల పురుగు కదులుతోంది. సూపర్‌వైజర్‌కి చెప్తే "లారీ వెయిటింగ్‌లో ఉంది, నీకెందుకు, దించెయ్" అన్నాడు. నేను దించలేదు, ప్లాస్టిక్ షీట్ కప్పి తనిఖీ వాళ్ళకి ఫోన్ చేశా. ఆ నెల నాకు ఓవర్‌టైం ఇవ్వలేదు. ఏం పర్లేదు. ఇప్పుడు అడవిబాట చెప్పిన రంపపు పొట్టు చదువుతుంటే ఆ కుప్పే కళ్ళ ముందుకొచ్చింది.

వానచినుకు
చెక్కపెట్టె అన్నా, నీకు దండం.

అడవిబాట
ఓవర్‌టైం నేనిస్తా, అడ్రస్ పంపు 😄

కొబ్బరాకు
నేను పసిఫిక్‌లో ఉన్న గువామ్ దీవి గురించి రాయాలనుకుంటున్నా, ఎందుకంటే అక్కడ దిగింది మనకి బాగా తెలిసిన పురుగే. కొబ్బరి కొమ్ము పురుగు. మొవ్వలోకి దూరి తొలిస్తే ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు వి ఆకారంలో కోతలు కనపడతాయి చూడండి, అదే. 2007లో గువామ్‌లో దొరికింది. కొమ్ము పురుగుకి ఒక వైరస్ ఉంది, పసిఫిక్‌లో వేరే దీవుల్లో దాన్ని వదిలి అదుపు చేశారు. గువామ్‌లో కూడా అదే వదిలారు, పనిచేయలేదు. ఆ వైరస్‌కి లొంగని రకమట అక్కడిది. పైగా 2015లో తుఫాను వచ్చి చెట్లు కూలి కుళ్ళిపోతే ఆ కుళ్ళిన మానులు, చెత్తకుప్పలే వాటికి పురిటిగదులయ్యాయి. చచ్చిన చెట్టులో పుట్టి బతికున్న చెట్టుని చంపడం, అవి కూలితే వాటిలో మళ్ళీ పుట్టడం. అక్కడి వాళ్ళు చేపలు పట్టే వలల్ని ఎరువు కుప్పల మీద కప్పి పురుగులు చిక్కుకునేలా చేశారు, ఆ ఉపాయం నాకు చాలా నచ్చింది.

2013 డిసెంబర్‌లో అదే పురుగు హవాయిలో ఓహూ దీవిలో సైనిక స్థావరం దగ్గర దొరికింది. 2023లో పక్క దీవుల్లో కూడా. అంటే మొక్కని మోయక్కర్లేదు, ఆకుచెత్త ఎరువు బస్తా ఒకటి ఈ దీవి నుంచి ఆ దీవికి పోతే చాలు, లోపల తెల్లటి లద్దెపురుగు నిద్రపోతూ ఉంటుంది.

తీగమల్లె
గువామ్ అంటే ఇంకోటి చెప్పకుండా ఉండలేను. అక్కడ ఫదాంగ్ అని సైకాడ్ చెట్టు, చూడ్డానికి పొట్టి తాటిచెట్టులా ఉంటుంది. 2002లో లెక్క పెడితే దీవి మొత్తంలో అన్నిటికంటే ఎక్కువున్న చెట్టు అదే. 2003లో థాయిలాండ్ వైపు పుట్టిన ఒక పొలుసు పురుగు కనపడింది, అందం కోసం కుండీల్లో పెంచే సైకాడ్ల మీద లోకమంతా తిరిగిన పురుగు అది. ఆకు మీద సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకుంటుంది. 2006కల్లా ఆ చెట్టు అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. నాలుగేళ్ళు. అన్నిటికంటే ఎక్కువున్న చెట్టు!! నాకు ఇది చదివిన రోజు అన్నం సయించలేదు.

కొండగాలి
నేను వేసింది ఒక చిన్న కంప్లైంట్, మీరంతా కలిసి నిద్ర లేకుండా చేస్తున్నారు. రాయండి రాయండి, అన్నీ చదువుతున్నా.

కౌరీనీడ
నేను న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో ఉంటాను. ఇక్కడ కౌరీ అని మహావృక్షాలు, కొన్ని వెయ్యేళ్ళు దాటినవి. వాటిక్కూడా జబ్బు, కౌరీ డైబ్యాక్. ఇది మట్టిలో ఉంటుంది, ఫైటాఫ్తొరా అనే బూజులాంటి సూక్ష్మజీవి రకం, వేళ్ళని కుళ్ళబెడుతుంది. కొన్నాళ్ళకి మాను మొదట్లో బంక కారుతుంది, పైన ఆకులు పలచబడతాయి, నిలబడే చచ్చిపోతుంది. మందు పూర్తిగా లేదు. గుండుసూది తలంత మట్టి చాలు ఇంకో చెట్టుకి అంటడానికి.

అందుకే 2017 డిసెంబర్‌లో వైటాకెరే కొండల్లో అడవికి అక్కడి మావోరీ తెగ రాహూయి ప్రకటించింది, అంటే అడుగు పెట్టొద్దని ఆన. మరుసటేడు కౌన్సిల్ కూడా దారులు మూసింది. ఇప్పుడు తెరిచిన దారుల మొదట్లో బూట్లు తోముకునే బ్రష్షులు, మందు స్ప్రే ఉంటాయి. ప్రతి వారం వెళ్తాను నేను. బాధేంటంటే పక్కనుంచి దూరిపోయేవాళ్ళు. మొన్న ఒకాయన జాగింగ్ చేస్తూ వచ్చి ఆ బ్రష్షులున్న చోటు పక్కనున్న కంచె దూకి పోయాడు, ఆపి అడిగితే "పది సెకన్లు ఎవడికుంది" అన్నాడు. వెయ్యేళ్ళ చెట్టు కోసం పది సెకన్లు లేవు. నాకు గొంతు పూడుకుపోయింది, ఇంకేం మాట్లాడలేకపోయా.

సూటిమాట
ఇది మాత్రం అన్యాయం. సరే నేను ఇంకో వైపు నుంచి వస్తా. గాలికి వచ్చేవాటినేం చేస్తారు? దానికి ఏ ఎయిర్‌పోర్ట్ ఆపుతుంది?

కౌరీనీడ
మంచి ప్రశ్న. మర్టిల్ రస్ట్ అని తుప్పు తెగులు ఉంది, లేత చిగుళ్ళ మీద పసుపు పొడి చల్లినట్టు వస్తుంది. హవాయిలో 2005లో, ఆస్ట్రేలియాలో 2010లో, మా దగ్గర 2017లో. ఆస్ట్రేలియా నుంచి సముద్రం మీద గాలికే వచ్చిందని ఇక్కడ అంచనా. అది పట్టేది నేరేడు కుటుంబం మొత్తాన్ని, అంటే మా పోహుతుకావా చెట్టు, ఓహియాకి స్వయానా చుట్టం, దాన్ని కూడా. గాలిని ఆపలేం, ఒప్పుకుంటా. కానీ ఆస్ట్రేలియా దాకా గాలికి రాలేదు కదా, దక్షిణ అమెరికాలో పుట్టిన తెగులు అది. గాలికి ఎక్కేముందు మనిషి ఒక మెట్టు ఎక్కించాడు.

పురుగుల_మాస్టారు
దీనికి తోడు ఒక మాట. ఆస్ట్రేలియాకి చెందిన లార్డ్ హౌ దీవిలో అదే తెగులు 2016లో కనపడితే వెంటనే పట్టుకుని, ఆ మొక్కలు పీకేసి, 2018కి పూర్తిగా పోయిందని ప్రకటించారు. 2023లో మళ్ళీ వచ్చింది, అది వేరే సంగతి, కానీ గోటితో పోయేటప్పుడే గిల్లితే పోతుందని రుజువైంది. అదే హవాయి తుప్పు తెగులు సంగతిలో ఒక అదృష్టం, అక్కడికి వచ్చిన రకం ఓహియాని పెద్దగా చంపలేదు, రోజ్ యాపిల్ చెట్లని మాత్రం ఊడ్చేసింది. అందుకే ఆ తెగులు ఒకసారి వచ్చేసింది కదా ఇంకేం తనిఖీ అనకూడదు. అదే తెగులులో ఇంకో రకం వస్తే కథ వేరు.

నత్తగుల్ల
అందరూ పురుగుని తినే పురుగు లేదు అంటున్నారు, అంటే తెచ్చి వదలమనా? నేను దానికి వ్యతిరేకం. 1883లో చెరకు తోటల్లో ఎలుకల్ని చంపడానికి హవాయికి ముంగిసల్ని తెచ్చారు. ఎలుక తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. ముంగిసలు నేలమీద గూడు కట్టే పిట్టల గుడ్లు తిన్నాయి. 1955లో ఆఫ్రికా నత్తని చంపడానికి ఇంకో వేటాడే నత్తని తెచ్చారు, అది చెట్ల మీదుండే రంగురంగుల హవాయి నత్తల్ని తినేసింది. రోగం కన్నా మందు ముదిరిపోయింది.

తీగమల్లె
నత్తగుల్ల నత్తల పక్షాన మాట్లాడక ఇంకెవరు మాట్లాడతారు 🙂 కానీ నువ్వు చెప్పినవి రెండూ ఏది పడితే అది తినే జంతువులు. పరీక్షల్లేకుండా వదిలారు. సెయింట్ హెలెనా కథ విన్నావా? అట్లాంటిక్ మధ్యలో చిన్న దీవి, దాని జాతీయ వృక్షం గమ్‌వుడ్, మొత్తం లోకంలో అక్కడే ఉంది, అప్పటికి మిగిలింది దాదాపు రెండువేలు. 1991లో వాటి మీద ఒక రసం పీల్చే పురుగు కనపడింది, కొమ్మలన్నీ మసి పట్టి నల్లగా అయిపోయి చెట్లు చావడం మొదలు. 1993లో కెన్యా నుంచి ఒక అక్షింతల పురుగుని తెచ్చి, పెంచి, వదిలారు. 1995కల్లా ఆ రసం పీల్చే పురుగు దాదాపు కనపడకుండా పోయింది. ఇంకో రెండు మూడేళ్ళు ఆలస్యమైతే ఆ చెట్టు అడవిలో ఉండేది కాదు. ఒక అక్షింత గింజంత పురుగు, ఒక జాతిని మొత్తం నిలబెట్టింది!

పురుగుల_మాస్టారు
హవాయిలోనే విలివిలి చెట్టు కూడా అంతే. 2005లో బుడిపెలు పుట్టించే ఒక చిన్న కందిరీగ వచ్చింది, ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుందేమో, ఆకులన్నీ వాచి ముద్దలయ్యాయి. టాంజానియా నుంచి దాని శత్రువుని తెచ్చి, మిగతా పురుగుల జోలికి పోతుందేమో అని మూసిన గదిలో పరీక్షలు చేసి, 2008 నవంబర్‌లో వదిలారు. చెట్లు మళ్ళీ చిగురించాయి. నత్తగుల్ల గారి భయం న్యాయమైనదే, ఆ భయం వల్లే ఆ పరీక్షలు వచ్చాయి.

నత్తగుల్ల
పరీక్షలు చేసి వదిలితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఓహియాకి అలాంటిది లేదు కదా, శిలీంధ్రాన్ని తినే అక్షింతల పురుగు ఎక్కడ దొరుకుతుంది?

పురుగుల_మాస్టారు
లేదు. అక్కడ తట్టుకునే చెట్ల కోసం వెతుకుతున్నారు, విత్తనాలు దాస్తున్నారు, కంచెలు వేసి పందుల్ని దూరం పెడుతున్నారు. మిగతాదంతా బూట్లూ రంపాలూ కర్రలే.

ఎర్రచీమ
నా పేరుకి న్యాయం చేయాలి కదా, చీమల సంగతి ఒక్కటి. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ ఐలాండ్‌లో పసుపు పిచ్చి చీమలు ఓడల్లో ఎప్పుడో వచ్చి దశాబ్దాలపాటు గమ్మున ఉన్నాయి. 1989లో ఎకరాల కొద్దీ నేల కనపడకుండా పుట్టలు కనపడ్డాయి. చెట్ల మీద ఒక బయటి పొలుసు పురుగు తేనెలాంటి జిగురు వదుల్తుంది, చీమలకి అదే అన్నం. చీమలు ఆ పురుగుని కాపాడతాయి, పురుగు చీమల్ని మేపుతుంది. చీమలు ఆమ్లం చిమ్మి ఎర్ర పీతల్ని గుడ్డివి చేసి చంపాయి, కోట్లలో. పీతలు తినేది రాలిన ఆకులూ మొలకలూ, అవి పోయాక అడవి నేల మొత్తం మారిపోయింది. 2016 చివర్లో మలేషియా నుంచి ఆ పొలుసు పురుగుని చంపే చిన్న కందిరీగని తెచ్చి వదిలారు. చీమని కాదు, చీమ అన్నాన్ని కొట్టారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన పని అదే అనిపిస్తుంది.

వానచినుకు
ఎర్రచీమా, పసుపు చీమల మీద పగా 😄 బాగా రాశావు కానీ.

కొండగాలి
పొద్దున్నుంచి ఇది చదివి చదివి ఇందాక అటక మీంచి ట్రిప్ బ్యాగ్ దించా. నా బూట్లు తుడిచినట్టే ఉన్నాయి పైకి. తిరగేసి చూస్తే అడుగున గాళ్ళలో నల్లటి ఇసుక, మట్టి గట్టిగా అతుక్కుని ఉంది, టూత్‌పిక్‌తో గీకితే పెళ్ళలుగా వచ్చింది. పాప బూట్లో అయితే ఒక ఎండిన ఆకు మడత పెట్టినట్టు ఇరుక్కుని ఉంది. వీటితోనే మేం హొనొలులులో ఇంకో రెండు కొండలెక్కాం. కర్ర తీసుకున్నారని ఏడ్చా గానీ బూట్లు ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. ఇప్పుడేం చేయాలి? బాత్రూంలో కడిగేయనా?

కౌరీనీడ
నీళ్ళు పోయకండి ముందు. పొడిగా ఉండగానే పేపర్ మీద బ్రష్‌తో మట్టి మొత్తం దులపండి, గాళ్ళూ కుట్లూ లేసులూ వదలకండి. పేపర్ మడిచి కవర్‌లో వేసి మూతి కట్టి చెత్తలో వేయండి, పెరట్లో కాదు. మట్టి పోయాకే స్పిరిట్, మట్టి ఉండగా కొడితే లోపలికి దిగదు.

పురుగుల_మాస్టారు
70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తడిసేలా కొట్టి దానంతటదే ఆరనివ్వండి. తర్వాతిసారి ఇది ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోయేముందే, అడవి బయటికి రాగానే చేయాలి.

కొండగాలి
చేశా. పాప కూడా కూర్చుంది, తన బూట్లు తనే దులిపింది. లేహువా కథ చెప్పా. "మరి మన టెంట్ మేకులు?" అంది. వాటిక్కూడా చేయాలా?

అడవిబాట
వాటికే ముందు చేయాలి. నేలలో దిగేవి అవే కదా.

కొండగాలి
పద్నాలుగు ఉన్నాయి. తుడుస్తున్నాం.